నూట పన్నెండో పేజీ తర్వాత

“ఆ బొమ్మ లేకపోతే నా థీసిస్ లేదక్కా,” అన్నాడు నిఖిలేష్.

స్వీటీకి టీ గొంతులో అడ్డం పడింది.

మొఘల్‌పురాలో పాత మేడ అది. కింద వాళ్ల తాతల నాటి ఇత్తడి సామాన్ల దుకాణం. పైన నిఖిలేష్ గది. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. కళ నిజం చెబుతుందా, చెబితే అది ఎలాంటి నిజం అన్నది అతని అంశం. మామూలు పుస్తకాలను కంప్యూటరే చదివి వినిపిస్తుంది. మసక జిరాక్సులు దానికి అంతుపట్టవు. వాటి కోసం స్వీటీ. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సూపర్‌వైజరు. చదివిపెట్టేవాళ్లు కావాలని చర్చిలో అడిగితే చెయ్యెత్తింది. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి ఇక్కడికొస్తుంది. ఆమె చదువుతుంటే అతను ఫోన్లో రికార్డు చేసుకుంటాడు.

తప్పు నాలుగు నెలల క్రితం జరిగింది.

ఆ రోజు కళ మీద ఒక జిరాక్సు పుస్తకం చదువుతూ నూట పన్నెండో పేజీ తిప్పింది. తర్వాతి కాగితం నిండా నలుపు. జిరాక్సు మిషను బొమ్మను మింగేసి బొగ్గు మిగిల్చింది.

“ఈడ ఒక బొమ్మ ఉండాలె. ఏమున్నదక్కా?”

నల్లగా ఉందని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ అతను కుర్చీ అంచుకు జరిగి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ ముఖం చూశాక ఆమెకు నోరు రాలేదు. వచ్చినప్పుడు అబద్ధమే వచ్చింది.

“ఒకామె... కిటికీ కాడ కూసున్నది. చింతపండుల గింజలు తీస్తున్నది.”

“చింతపండా?”

స్వీటీ కాగితాన్ని ఇంకా దగ్గరికి పట్టుకుంది. “గట్లనే కనిపిస్తున్నది.”

“మంచిగున్నది. నవ్వుతున్నదా?”

“లేదు. చెవి వాకిలి దిక్కు పెట్టింది. ఎవరో వస్తరని చూస్తున్నది.”

చెప్పేశాక గానీ ఆమెకు తెలియలేదు, ఆ కూర్చున్నదెవరో. అమ్మ. చంద్రమ్మ. ‘నాలుగింటికొస్త, దవాఖానకు పోదాం’ అని చెప్పి, ఎవరిదో పుట్టినరోజు కేకు కోస్తుంటే నిలబడిపోయి, స్వీటీ ఆరింటికి ఇల్లు చేరిన రోజు. ఎవరికీ చెప్పుకోని రోజు.

అబద్ధం ఒకటైతే దానికి కాపలా పది. తర్వాత మరో నాలుగు నల్ల కాగితాలొచ్చాయి. వాటికీ ఏదో ఒకటి అల్లింది. నిఖిలేష్ మాత్రం మొదటి బొమ్మను వదల్లేదు. ఆమె ఒళ్లో ఏముంది? దవాఖాన ఫైలు. చెప్పులెక్కడున్నాయి? గడప దగ్గర, తొడుక్కోవడానికి తయారుగా. అతను అడుగుతుంటే స్వీటీ చెబుతూనే పోయింది.

“గీ బొమ్మ వేసినోళ్లు ఎవరో గాని అక్కా, అబద్ధం చెప్పుడు చాతకాదు వాళ్లకు,” అన్నాడొకసారి.

ఆ వారమంతా స్వీటీకి ముద్ద దిగలేదు.

ఇప్పుడు నాలుగో అధ్యాయం మొత్తం ఆ బొమ్మ మీదేనట. రేపు థీసిస్ ఇచ్చేస్తాడట. పరీక్షకులు అసలు పుస్తకం తెరిస్తే? ఐదేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. చూపు లేని పిల్లవాణ్ణి మోసం చేసింది తను. పొద్దున చర్చిలో కళ్లు మూసుకుంటే ప్రార్థన రాలేదు. నల్ల కాగితమే కనబడింది.

నిఖిలేష్ నాయనమ్మ విమలాదేవి సకినాల పళ్లెంతో వచ్చింది.

“ఏం బిడ్డా, మొకం గట్ల పెట్టినవేంది? మావోడు సతాయిస్తున్నడా? చిన్నప్పటి సంది గంతే. వకీలు లెక్క ఒకటే సవాళ్లు.”

“లేదు నాయనమ్మా.”

“తిను. బక్కగైనవ్.”

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, స్వీటీ తలుపు దగ్గరికి వేసింది.

“తమ్మీ, నన్ను మాఫ్ చెయ్యి. ఆ బొమ్మ లేదు.”

అతను ఆమె గొంతు వైపు తల తిప్పాడు.

“కాగితం నల్లగున్నది. అన్ని బొమ్మలు గట్లనే ఉన్నయి. నేను చెప్పింది మా అమ్మను. నాలుగింటికి వస్తనని ఆరింటికి పోయిన. దవాఖాన గేటు కాడికి పోయేసరికే పానం పోయింది.” ఆమె చేత్తో కళ్లు తుడుచుకుంది. “ఆ అధ్యాయం తీసెయ్. తప్పు నా మీదనే వెయ్. రేపు మాత్రం ఇయ్యకు. నీ చదువు ఖరాబు కావద్దు.”

కింద దుకాణంలో బిందెలేవో దొర్లాయి.

నిఖిలేష్ ముఖం పాలిపోయింది. తిడతాడనుకుంది. తిట్టలేదు. తడుముకుంటూ బల్ల సొరుగు లాగి, ఒక కాగితం తీసి ముందుకు చాపాడు.

“మూడు వారాల సంది నీకియ్యాలని చూస్తున్న అక్కా. ధైర్యం చాలలే. సంతకం చేస్తె చెయ్యి, లేకుంటే చింపెయ్యి. చింపితే థీసిస్ ఇయ్య.”

మూడు వారాల నుంచి! అయితే ఎప్పుడో దొరికిపోయిందన్నమాట. అన్నీ తెలిసే ప్రతి ఆదివారం టీ ఇప్పించి, ఎదురుగా కూర్చుని విన్నాడన్నమాట. స్వీటీకి చెవులు వేడెక్కాయి. తన నేరం తన చేతే రాయించుకుంటాడు కాబోలు. రాయించుకోనీ. అంతకు తగిన పనే చేసింది.

“పైకి చదువక్కా,” అన్నాడు తల వంచుకుని.

అలవాటు ప్రకారం ఆమె గొంతు సవరించుకుంది. ఏ పేజీనైనా చదివినట్టే, ఒక్కో మాటా విడదీసి చదివింది.

“‘నేను చెప్పిన మాటలను థీసిస్‌లో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను, ఆ పుస్తకంలో అసలు బొమ్మలే లేవనీ, ఏమీ లేనిచోట చూపున్నవాళ్లు ఏం చూస్తారో తెలుసుకోవడానికి ఆ నల్ల కాగితాలను పరిశోధకుడే కావాలని మధ్యలో పెట్టించాడనీ నాకు ఇప్పుడే తెలిసింది.’”