కిటికీలో సీసా

"దాన్ని కింద పెట్టమ్మా," అన్నారు మాస్టారు.

గొంతు పెంచలేదు. అయినా కిటికీ తుడుస్తున్న మరదలి చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. మూత బిగించిన గాజుసీసా అడుగున ఉన్నది మురికి అనుకుని ఆమె దాన్ని గట్టిగా కుదిపేసింది. తేటగా ఉన్న నీళ్లు ఒక్కసారిగా మట్టిరంగుకు తిరిగాయి.

మాస్టారు రేపటి ప్రాక్టికల్ పరీక్ష కోసం బల్ల మీద రాళ్లు వేరుచేస్తున్నారు. ఆమ్లం చుక్క పడగానే బుసబుస నురగ కక్కింది సున్నపురాయి. వేలికి గరుకుగా తగిలింది ఇసుకరాయి. గోరు పెడితే రేకులుగా ఊడింది షేల్ అనే మట్టిరాయి. ఆ పని అలాగే వదిలేసి లేచారు.

"పారబోసి కడిగేద్దామనుకున్నా బావగారూ. ఈ ఇంట్లో రాళ్లకున్న మర్యాద చుట్టాలకు లేదని అక్కతో ఇప్పుడే అంటున్నా." నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానేసింది.

"అది పాప చేసింది."

మరదలు సీసాను రెండు చేతులతో పట్టుకుంది.

"రాళ్లలో పొరలు ఎలా వస్తాయని అడిగితే నేనే చెప్పాను. గులకరాళ్లు, ఇసుక, బంకమన్ను వేసి, నీళ్లు పోసి కుదిపింది. బరువైనవి ముందు దిగుతాయి, మెత్తటివి ఆఖరున. ఏటి అడుగునా అంతే. కిటికీలో పెట్టి, వచ్చాక పొరలు లెక్కపెడదాం నాన్నా అని బడికి వెళ్లింది. సాయంత్రం దాని పుస్తకాల సంచి ఒక్కటే వచ్చింది. మన్ను పూర్తిగా దిగడానికి ఇంకో రెండు రోజులు పట్టింది."

"నాకు తెలియదు బావగారూ. నిజంగా తెలియదు. మళ్లీ అదే వరుసలో దిగుతుందిగా?"

"దిగుతుంది. కానీ అవి నువ్వు కుదిపితే పేరుకున్న పొరలు. నేను దాచుకున్నవి పాప కుదిపినవి."

వంటగది గుమ్మంలో భార్య తడిచేతులతో నిలబడి ఉంది. చెల్లెలిని వెనకేసుకు రాలేదు, ఆయన్ని ఓదార్చనూ లేదు.

మాస్టారు సీసాను కిటికీలో యథాస్థానంలో పెట్టి, మళ్లీ రాళ్ల ముందు కూర్చున్నారు. గులకలన్నీ అతుక్కుపోయిన రాయొకటి చేతికొచ్చింది. వేగంగా పారే నీళ్లే అంత పెద్ద గులకల్ని మోసుకురాగలవు. అది రాసుకుని తలెత్తారు.

సీసాలో పై సగం అప్పుడే తేటపడింది.

ఆయన భూతద్దం పట్టుకుని దగ్గరికి వెళ్లారు. మన్ను దూదిపింజల్లా ముద్దకట్టి గబగబా దిగిపోతోంది. ఉత్త నీళ్లలో బంకమన్ను అలా దిగదు.

"ఇందులో ఏం కలిపావు?"

"నేనా? మూత కూడా తియ్యలేదు బావగారూ."

"కలిపారు. ఎవరో పటిక వేశారు."

"నేనే," అంది భార్య.

ఆయన వెనక్కి తిరిగారు. "ఎప్పుడు?"

"పాప పోయాక నెల తిరక్కుండానే. చిటికెడే వేశాను. సాయంత్రం మీరు వచ్చేలోగా తేరుకోవాలి కదా."

"తేటగానే ఉండేది కదా. మళ్లీ తేరుకోవడమేమిటి?"

ఆమె వచ్చి సీసా అందుకుంది. చెల్లెలి వేలిముద్రల్ని కొంగుతో తుడిచింది.

"మీరు అటు వెళ్లగానే రోజూ నేనే కుదుపుతానండీ. నీళ్లు మసగ్గా ఉన్నంతసేపూ, పాప ఇప్పుడే దీన్ని ఇక్కడ పెట్టి గుమ్మం దాటినట్టుంటుంది."