చిన్నబాబుకు చలి వెయ్యదు

ఎల్‌కేజీ పిల్లలందరూ గజగజ వణికారు. చిన్నబాబు ఒక్కడే వణకలేదు.

హిమజ టీచర్ మళ్ళీ మొదలుపెట్టింది. "చలికాలం వచ్చేసింది పిల్లలూ! బయట మంచు పడుతోంది. మనకేమవుతోంది?"

"చలీ...!" అంటూ మంకీ టోపీలన్నీ ఊగిపోయాయి. ఒకడైతే వణికి వణికి పక్కవాడి మీద పడ్డాడు. చిన్నబాబు మాత్రం నిలబడి రెండు చేతులూ దులిపాడు. చేతికంటిన తడి విదిలించినట్టుంది తప్ప చలివేసినట్టు లేదు.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ బుజ్జి బడిలో అది చలికాలం వారం. గోడలకు దూది అంటించారు. మూలన థర్మకోల్ మంచుమనిషిని నిలబెట్టారు. ట్రేలో ఐసుముక్కలు పెట్టి, అవి కరిగి నీళ్ళవడం చూపిస్తున్నారు. "మంచు ఎక్కణ్ణించి వస్తుంది?" అని అడిగితే, "ఆర్ట్ డిపార్ట్‌మెంట్ నుంచి టీచర్!" అంది భువన. వాళ్ళ నాన్న సినిమాలకు సెట్లు వేస్తాడు. మబ్బుల సంగతి ఆ పిల్ల బుర్రకెక్కించేసరికి హిమజకు తల ప్రాణం తోకకొచ్చింది.

చిన్నబాబుతో ఇంకో రకం తిప్పలు. సోమవారం పొద్దున శారదాదేవిగారు జూబ్లీహిల్స్ నుంచి కొడుకును స్వయంగా వెంటబెట్టుకొచ్చారు. హిమజను పక్కకు పిలిచి చేతులు పట్టుకున్నారు.

"అమ్మా, శుక్రవారంలోగా మావాడికి వణకడం రావాలి. ఇంటికి మాస్టార్లను పిలిపించాం, లాభం లేకపోయింది. పిల్లల్లో పడితే అదే వస్తుందన్నారు."

"అంత కంగారెందుకండీ? మెల్లగా వస్తుందిలెండి."

"నీకు తెలీదమ్మా. పోయినసారి అందరి ముందూ వీడు ఏడిస్తే జనం పడీపడీ నవ్వారు. వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు నా బిడ్డ. ఈసారి మంచులో నిలబడి వణకాలట. మళ్ళీ నవ్వారంటే, ఇక జన్మలో మొహానికి రంగు వేసుకోనని ఒట్టేసుకున్నాడు."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల్లి మనసు మరి.

'పెద్దింటి బాబు, అండీ అనే పిలవాలి' అని ప్రిన్సిపాల్ ముందే హెచ్చరించింది. ఆ ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచీ కాలు కింద పెట్టనిస్తే కదా! కారు దిగితే ఒకడు గొడుగు పడతాడు, ఒకడు మంచినీళ్ళ సీసా పట్టుకుంటాడు, ఇంకొకడు నుదుటి చెమట అద్దుతాడు. బడి కుర్చీ నచ్చలేదంటే, వెనకాల పేరు రాసిన సొంత కుర్చీ ఇంటి నుంచి దిగింది. పాట గుర్తురాకపోతే "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ పెదాలు కదిలిస్తాడు. పోనీ, అంకెలైనా వచ్చు. ఆటల్లో బల్ల మీంచి దూకమంటే, తోడుగా వచ్చే నాగసాయిని ముందుకు తోస్తాడు. నాగసాయిదీ అదే ఎత్తు, అదే ఒళ్ళు. కిక్కురుమనకుండా దూకుతాడు పాపం. చప్పట్లు మాత్రం చిన్నబాబుకే.

"గింత చలిల గూడ గీ బాబుకు చెమటలేంది టీచరమ్మా!" అని ఆయా కౌసల్య బుగ్గలు నొక్కుకుంది.

చూస్తుండగానే గురువారం వచ్చేసింది.

"ఇంకొక్కసారి చేద్దామాండీ?" అంది హిమజ, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని.

చిన్నబాబు చేతులు దులిపాడు. ఈసారి తల కూడా దులిపాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

అంతే. చిన్నబాబు మొహం మాడిపోయింది. వెళ్ళి తన కుర్చీలో కూలబడి గోడవైపు తిరిగాడు.

"నాకు రాదు. నన్ను ఇంటికి పంపించెయ్యండి."

గుమ్మం దగ్గర శారదాదేవిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

భువన మెల్లగా దగ్గరికొచ్చింది. "నీకెప్పుడూ చలి వెయ్యలేదా?"

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"చలి వేసేలోపే ఎవరో ఒకరు శాలువా కప్పేస్తారు."

అయ్యో పాపం అనుకుంది భువన. గబగబా ట్రే దగ్గరికెళ్ళి గుప్పెడు ఐసుముక్కలు తెచ్చింది. చిన్నబాబు చొక్కా కాలర్ వెనక్కి లాగి లోపల వేసేసింది.

"అమ్మోయ్!"

చిన్నబాబు ఎగిరి గంతేశాడు. భుజాలు ముడుచుకుపోయాయి. గడ్డం అదిరింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. గొడుగువాడూ సీసావాడూ పరిగెత్తుకొచ్చారు. ఈ పనికి తనను పిలవనందుకు నాగసాయి హమ్మయ్య అనుకున్నాడు.

"ఎవరూ ముట్టుకోకండి!" అని కేకేశారు శారదాదేవిగారు. "వణుకుతున్నాడు... నా బిడ్డ వణుకుతున్నాడు!"

ఐసు కరిగిపోయాక కూడా చిన్నబాబు మళ్ళీ వణికి చూపించాడు. అచ్చం అలాగే వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"బాగా చేశానా?" అని భువననే అడిగాడు.

"మోకాళ్ళు కూడా కొట్టుకోవాలి. వన్ మోర్!"

మోకాళ్ళు కూడా కొట్టుకున్నాయి.

"ఓకే" అంది భువన, పెద్ద ఆరిందాలా.

క్లాసంతా చప్పట్లు. హిమజ సంతోషం పట్టలేక, పాఠం బాగా నేర్చుకున్న పిల్లలకిచ్చే బంగారు రంగు స్టార్ స్టిక్కర్ తీసి చిన్నబాబు చేతి మీద అంటించింది. ఇలాంటి బహుమతులు అడక్కుండా ఇచ్చినవాళ్ళే గానీ, నేర్చుకున్నావని ఇచ్చినవాళ్ళు ఇంతవరకూ లేరు. చిన్నబాబు దాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకుని మురిసిపోయాడు. అందరికీ టాటా చెప్పి కారెక్కాడు.

బడి గేటు తెరుచుకోగానే చిన్నబాబు కారు పైకప్పులోంచి లేచి నిలబడి, చేతి మీది స్టార్ బాగా కనబడేలా, ముప్పయ్యేళ్ళుగా తన కటౌట్లకు పాలాభిషేకం చేస్తున్న అభిమానులకు చెయ్యి ఊపాడు.