కొత్తచేయి

ఆవిడ చేతిలో ఫోను బిగుసుకుపోయింది.

ప్రేమ్‌చంద్ కంగారుగా ముందుకొచ్చాడు. మధ్యాహ్నమే డెమో!

"అక్కా, అలా టకటకా నొక్కకూడదండీ! ఒక్కసారే నొక్కాలి."

"నువ్వు మాట్లాడకూడదు కదా తమ్ముడూ," అందావిడ నవ్వుతూ.

ఆ సంగతి ఈవిడకెలా తెలుసు? పక్కనున్న జెస్సీయే చెప్పి ఉంటుందనుకుని ఆ అమ్మాయి వంక గుర్రుగా చూశాడు.

కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న బస్ షెల్టర్ అది. ఆవిడ చంకలో పాప, కాళ్ల దగ్గర మామిడికాయల సంచి. ఆవిడెవరో వాళ్లకి తెలీదు. తెలీకపోవడమే వాళ్లకి కావాలి.

ప్రతి వేసవిలో ఆ కాలేజీ సీనియర్లు జూనియర్లకి సాఫ్ట్‌వేర్ పని నేర్పుతారు. లెక్చరర్లెవరూ ఉండరు, అంతా పిల్లలదే పెత్తనం. కాలేజీ ఇచ్చేదల్లా ల్యాబ్ తాళం చెవి.

దానికి మొదట్నుంచీ ఒక రూలుంది. డెమోకి ముందు, చేసిన యాప్‌ని ముక్కూమొహం తెలీని మనిషి చేతికివ్వాలి. చేసినవాళ్లు నోరు మూసుకుని చూడాలి. దాన్నే 'కొత్తచేయి' అంటారు. ఆ రూలు పెట్టింది మాధురి. తను చదువుకునే రోజుల్లో ఈ కార్యక్రమం మొదలెట్టింది కూడా ఆ అమ్మాయే. ఇప్పటి పిల్లలు పేరు వినడమే గానీ, మనిషిని చూసింది లేదు.

నిరుడు పిల్లలు బద్ధకించి, హాస్టల్ స్నేహితులకే చూపించి కొత్తచేయి అయిపోయిందనిపించారు. స్టేజీ మీద, అతిథుల ముందు యాప్ ఆగిపోయింది.

"ఈసారీ ఇలాగే అయితే మళ్లీ వేసవికి తాళం అడగొద్దు," అన్నారు ప్రిన్సిపాల్.

ఈసారీ స్నేహితులతోనే కానిచ్చేద్దామన్నాడు ప్రేమ్‌చంద్. జెస్సీ ఒప్పుకోలేదు.

"ఆ మాధురి ఏ బెంగుళూరులోనో ఏసీలో హాయిగా కూర్చుని ఉంటుంది. మనల్ని మాత్రం ఎండలో నిలబెట్టింది," అని సణుక్కుంటూనే రోడ్డు దాటాడు. షెల్టర్‌లో ఉన్న ఒక్క మనిషినీ ఎగాదిగా చూశాడు.

"అక్కా, తెలుగు చదవడం వచ్చా?"

"కూడబలుక్కుంటాలే. ఇలా ఇవ్వు."

యాప్ జెస్సీది. కోడ్ రాయడం ఈ వేసవిలోనే సీనియర్ ప్రేమ్‌చంద్ దగ్గర నేర్చుకుంది. మబ్బు పట్టగానే ఎవరో ఒకరు బటన్ నొక్కితే, కల్లంలో మిరపకాయలు ఆరబోసుకున్న వాళ్లందరికీ కాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకోమని కబురు వెళుతుంది. ఆవిడ ఆపకుండా నొక్కేసరికి కబురు మీద కబురు పడి ఫోను బిగుసుకుపోయింది.

"వాన మీదికొస్తుంటే, కల్లం నిండా కాయలుంటే, ఒక్కసారి నొక్కి ఊరుకుంటారా ఎవరైనా? వెళ్లిందో లేదోనని నొక్కుతూనే ఉంటారు," అందావిడ.

"నిజమే అన్నా. మా అమ్మయినా అంతే," అంది జెస్సీ.

ఇంతలో పర్చూరు బస్సొచ్చింది. ఆవిడ ఫోను జెస్సీ చేతిలో పెట్టి సంచి అందుకుంది.

"చాలా బాగా చేశావు చెల్లీ. కంగారు పడకు, చిన్న పనే."

బస్సు కదిలింది.

"చిన్న పనట! చెప్పడానికేం, చెబుతారు," అన్నాడు ప్రేమ్‌చంద్ కచ్చగా.

తీరా కూర్చుంటే చిన్న పనే అయింది. ఒకసారి నొక్కగానే బటన్ మూసుకుపోయి, 'కబురు వెళ్లింది' అని కనిపించేలా మార్చింది జెస్సీ. అన్నాలు కూడా తినకుండా ఇద్దరూ హాలుకి పరిగెత్తారు.

జెస్సీ యాప్ చూపిస్తుంటే ప్రిన్సిపాల్ చెయ్యి చాపారు.

"ఇలా ఇవ్వమ్మా, నేను చూస్తాను."

ఆయన నొక్కారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ నొక్కారు. 'కబురు వెళ్లింది' అని కనిపిస్తున్నా, నిజంగా వెళ్లిందో లేదోనని మళ్లీ మళ్లీ నొక్కారు.

ప్రేమ్‌చంద్ కళ్లు మూసుకున్నాడు.

హాల్లో ఆ యాప్ పెట్టుకున్న పిల్లల ఫోన్లన్నీ ఒక్కసారే మోగి ఊరుకున్నాయి. ఏదీ బిగుసుకుపోలేదు.

హమ్మయ్య! ప్రేమ్‌చంద్ కుర్చీలో కూలబడ్డాడు. జెస్సీ ఏడుస్తూ నవ్వుతోంది. హాలంతా చప్పట్లు.

"మళ్లీ వేసవికి కూడా తాళం మీదేనర్రా!" ప్రిన్సిపాల్ నవ్వుతూ మైకందుకున్నారు. "ఇది మాధురి చూడాల్సింది. పొద్దున సర్టిఫికెట్ కోసమని వచ్చింది. డెమోకి ఉండమ్మా అంటే, ఎండకి పాప ఉండలేదు సార్, పర్చూరు బస్సుకి పోవాలంది."

జెస్సీ గబుక్కున ప్రేమ్‌చంద్ చెయ్యి పట్టుకుంది.

"అన్నా..."

ప్రేమ్‌చంద్‌కీ అర్థమైంది. 'తెలుగు చదవడం వచ్చా?' అని పొద్దున తను అడిగింది, ఆ రూలు రాసిన మాధురినే.