స్నేహ ఎత్తు బంగారం

నలుగురు చూస్తుండంగ స్నేహను కాంట మీద కూసుండవెడతరని తెలిసిన కాడినుంచి బాలలక్ష్మికి ముద్ద దిగుతలేదు. అంటే, మామూలుగా దిగేదానికంటే ఒకటి తక్కువ దిగుతుంది.

స్నేహ ఆమె తమ్ముడు సిద్ధయ్య బిడ్డ. సమ్మక్క సారలమ్మ జాతర దగ్గరపడ్డది. స్నేహ తల్లి చంద్రవ్వ, బిడ్డ ఎత్తు బంగారం మొక్కుకున్నదట. బంగారమంటే బెల్లమే. తల్లులకు పోసేటప్పుడు దాన్ని బెల్లమనరు. సిద్దిపేట బజార్ల దుకాణం ముందట అప్పటికే పెద్ద కాంట వేలాడదీసిన్రు. ఒక దిక్కు మనిషి, ఒక దిక్కు బంగారం, చుట్టూ పనిలేని జనం.

దేనికి మొక్కినవంటే చంద్రవ్వ నోరు విప్పలేదు. వదినెకే కాదు, ఆ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. మొక్కు తీరినంకనే బయటపెట్టాలట. కొలువుకో, సంబంధానికో అయ్యుంటదని బాలలక్ష్మి తనే తేల్చేసింది.

పిల్ల ఒళ్లు గురించి ఆమె పట్టింపు ఇయ్యాల్టిది కాదు. స్నేహ పదో తరగతిల ఉన్నప్పుడే 'బస్తా' అని ముద్దుపేరు పెట్టింది. పేరు పెట్టింది ఆమెనే, అది ముద్దుగున్నదని అనుకున్నదీ ఆమెనే.

తర్వాత మనుమన్ని చూసుకోను కొడుకు దగ్గరికి భీవండి పోయింది. పోయినా మేనకోడల్ని గాలికి వదిలెయ్యలేదు. హైదరాబాద్ హాస్టల్ల చదువుకుంటున్న పిల్లకు రోజూ ఫోన్ల వీడియోలు పంపింది. పొద్దున గోరువెచ్చని నీళ్లు, పగలు కీర ముక్కలు, రాత్రికి గాలి. కొన్నాళ్లకు పిల్ల ఫోన్ ఎత్తుడు మానేసింది. చదువు మీద పడ్డదని అత్త సంతోషపడ్డది. మధ్యల ఓసారి స్నేహకు పాణం బాగలేదని సిద్ధయ్య చెప్తే, దానిక్కూడా ఒక కషాయం వీడియో పంపింది.

మూడేండ్లకు తిరిగొచ్చి చూస్తే ఏమున్నది? తను పోయేనాడు ఎట్లున్న పిల్ల అట్లనే ఉన్నది. అవే బుగ్గలు, అదే నడుము. ఒక్క వీడియో అన్న చూసి ఉంటే ఇట్లుండునా అని బాలలక్ష్మి మనసు చివుక్కుమన్నది. జాతర లోపల తనే సరిచెయ్యాలని సంచి సర్దుకొని నారాయణరావుపేటల తమ్ముడింట్ల దిగింది.

ఆ ఇంటి వరుస చూస్తే ఆమెకు తల తిరిగింది. పిల్ల తింటుంటే చంద్రవ్వ ముందట పీటేసుకొని కూసుంటది. చూపు తిప్పదు. సిద్ధయ్య పొలం నుంచి వస్తూ రోజుకో పొట్లం పట్టుకొస్తడు. పిల్ల సగం సకినం తింటే చాలు, మొగుడు పెండ్లాలు లాటరీ తగిలినట్టు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటరు. గారాబానికి హద్దుండాలె అనుకున్నది బాలలక్ష్మి, మిగిలిన సగం సకినం నోట్లేసుకుంటూ. ఆమె రాత్రి అన్నం మానేసి చానా దినాలైంది. చపాతీలే తింటది. చపాతీకి ఒళ్లు రాదట.

ఓ రోజు పగటి అన్నానికి చంద్రవ్వ మాంసం కూర వడ్డించింది. బాలలక్ష్మి చెయ్యి చాపి స్నేహ ముందటి కంచం పక్కకు జరిపింది.

"జాతరదాక కడుపు గట్టుకో బిడ్డా. ఇంత బెల్లం తగ్గుతది, మన ఇజ్జతన్న దక్కుతది."

"బంగారం అనాలె అక్కా" అని గొణిగిండు సిద్ధయ్య, తలుపు కాడ నిలవడి.

స్నేహ కంచం దిక్కు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకొని ఒళ్లె పెట్టుకున్నది.

ఎన్నడూ వదినెకు ఎదురు చెప్పని చంద్రవ్వ లేచింది. కంచం తెచ్చి మళ్ల బిడ్డ ముందట పెట్టింది.

"వదినే, నీ కాళ్లు మొక్కుత. నన్నెన్నన్న అను, పడుత. దాని కంచం మాత్రం ముట్టకు."

కంచం జరిపినందుకు ఇంత రామాయణమా అని బాలలక్ష్మి నోరు తెరిచింది. స్నేహ కంచం దగ్గరికి జరుపుకున్నది. తర్వాత మెల్లగ ముద్ద కలుపుకున్నది. ఇంకింత కూర వెయ్యమన్నది. చంద్రవ్వ ఆగమాగంగ గంటె నిండ ముంచి వేసింది. తనను చూసి భయపడ్డదని బాలలక్ష్మికి కొంచెం తృప్తి కలిగింది.

మొక్కు నాడు ఆమె కొంగు మొఖం మీదికి లాక్కొని దుకాణానికి దూరంగ నిలవడ్డది. మాటలన్నీ వినవడేటంత దూరం.

స్నేహ కూసుండంగనే కాంట ఒక దిక్కు ఒరిగింది. దుకాణపాయన ముద్ద మీద ముద్ద పేరుస్తనే ఉన్నడు. కాంట లేస్తలేదు. జాతరకు ఇంకెవరికీ మిగల్చరా అన్నడు గుంపులకెల్లి ఒకడు. జనం నవ్విన్రు. పిల్ల కూడా నవ్వింది. సిగ్గన్న లేదు అనుకున్నది బాలలక్ష్మి.

చంద్రవ్వ మాత్రం ఒక్కొక్క ముద్ద పడుతుంటే ధారగ ఏడుస్తుంది. ఇప్పటికి బుద్ధి వచ్చిందన్నట్టు బాలలక్ష్మి గుంపును తోసుకుంటూ దగ్గరికి పోయింది.

"గిప్పుడేడిస్తే ఏమొస్తది? పిల్లను నడిబజార్ల జోకేటంత మొక్కు ఏం మొక్కినవే?"

కాంట రెండు దిక్కులా సమానంగ నిలవడ్డది. మొక్కు తీరింది. చంద్రవ్వ కండ్లు తుడుచుకున్నది.

"పోయిన జాతరప్పుడు ఇది తిండి మొత్తమే ఇడిచిపెట్టి, బొక్కల గూడై, ముక్కుల పైపుతోని పాలు పోయిచ్చుకుంట దవాఖానల పడి ఉంటే, 'తల్లీ, నా బిడ్డను మళ్ల మునుపటంత దొడ్డుగ చేసియ్యి, దాని ఎత్తు బంగారం పోస్త' అని మొక్కిన వదినే."