చివరి గుండీ

పుట్టి పెరిగిన ఊరే అయినా, పాత ఇటుక బట్టీల వెనక ఒక కాలవ ఉందని నాకు తెలియదు. ఆదివారం కదా అని బావమరిది లాక్కొచ్చాడు. తిరుగు ముఖం పట్టేసరికి చీకటి పడింది.

"కాళ్లు కడుక్కొస్తా బావా" అని వాడు మెట్లు దిగాడు. దబ్బుమని చప్పుడైంది. ఒడ్డు మీంచే వాణ్ణి కేకేశాను.

చాలాసేపటికి పైకొచ్చాడు. ఫోన్ వెలుగులో చూశాను. చొక్కా పొడిగానే ఉంది.

"నీకేమన్నా అయితే మీ అక్క నన్ను బతకనిస్తుందా?"

"రాయి జారింది, అంతే. నువ్వు ముందు నడు."

సందు మలుపులో, తాడు మీద ఒకే ఒక్క చొక్కా నీళ్లోడుతూ వేలాడుతోంది. దర్జీవాణ్ణి, చెయ్యి ఊరుకోలేదు. అంచు తిప్పి చూశాను. చివరి గుండీ నీలం దారంతో కుట్టి ఉంది.

నిన్న తెల్ల దారం అయిపోతే, ఎవరు చూస్తార్లే అని బావమరిది చొక్కాకి ఆ గుండీ అలా కుట్టింది నేనే. వాడు ఇవాళ వేసుకొచ్చింది ఆ చొక్కానే.

వెనక అడుగుల చప్పుడు ఆగింది. ఫోన్ అటు తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు.

"అది నాదే బావా," అన్నాడు మెల్లగా. "ఇటివ్వు. చలేస్తోంది."