ఎలకలున్నాయా అన్నందుకు

సూర్యారావు నరసన్నపేటలో కేకేస్తే పాతపట్నంలో గేదెలు పలుపుతాళ్లు తెంపుకుంటాయి. కళ్లారా చూసినవాళ్లున్నారు.

ఆ గొంతు బుధవారం పొద్దున్నే అతని బియ్యం కొట్లో లేచింది.

కారణం గిరిబాబు. లాబ్ నుంచి వచ్చిన యాభై ఏళ్ల మనిషి.

సూర్యారావు కూతురు సింధూరికి నెల రోజులుగా ఆయాసం. ఏది పడక వస్తోందో తేల్చమని శ్రీకాకుళం డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. ఆ రక్తం తీసుకెళ్లడానికి వచ్చాడు.

కొట్టు వెనకే ఇల్లు. గడపలో కాలు పెట్టాడో లేదో నాలుగు తుమ్ములు తుమ్మాడు. కళ్లు ఎర్రబడ్డాయి. వెనక్కొచ్చి, కొనేవాళ్లు నిలబడి ఉండగానే అడిగేశాడు.

"ఇంట్లో ఎలకలు గాని ఉన్నాయేటి బాబూ?"

బియ్యం అమ్మేవాణ్ని నలుగురిలో అడిగే మాటా అది?

"నా కొట్లో ఎలకలా? ఎవుడు పంపినాడ్రా నిన్ను, ఆ ఎదుటి కొట్టోడేటి?"

పెంచుకునేవేమోనని అడిగానంటున్నా వినలేదు. సూదుల పెట్టె వీధిలోకి విసిరేశాడు. అదీ చాలక, లాబ్ యజమానికి ఫోను చేసి సాయంత్రానికల్లా అతని ఉద్యోగం ఊడగొట్టించాడు.

గేదెల మాట అబద్ధమే లెండి. అవి నింపాదిగా నెమరేస్తూనే ఉన్నాయి. పోయింది ఒక మనిషి కూడు.

మూడోనాడు సింధూరి పెదాలు నీలం తిరిగాయి. తల్లి కన్యాకుమారి పిల్లని భుజాన వేసుకుని శ్రీకాకుళం పరిగెత్తింది. రక్తం అక్కడే తీశారు.

రిపోర్టు రాగానే, ఇంట్లో ఎలకలు పెంచుతున్నారా అంది డాక్టరమ్మ.

పెంచుతున్నారు. పుట్టినరోజుకి తండ్రి కొనిచ్చిన తెల్లెలకలు రెండు, పిల్ల మంచం పక్కనే, పంజరంలో.

"ఎలకల పరీక్ష నేను రాయలేదమ్మా. బుధవారం రాత్రి మీ ఊరి గిరిబాబు ఫోన్ చేసి బతిమాలితే చేర్చాను."

బుధవారం రాత్రి. అప్పటికి అతని ఉద్యోగం ఊడి రెండు గంటలు.

అతనికెలా తెలిసిందని అడిగింది కన్యాకుమారి. మందుల కాలేజీలో ప్రయోగాలకి పెంచే తెల్లెలకలకి పదేళ్లు మేత వేశాడట. ఈ జబ్బే పట్టుకుంటే ఆ పనిలోంచి తీసేశారట. ఎలకలున్నచోట నిలబడితే ఇప్పటికీ ఊపిరాడదట.

కన్యాకుమారి ఇంటికొచ్చింది. పంజరం తెచ్చి, కొనేవాళ్లంతా చూస్తుండగా బియ్యం బస్తా మీద పెట్టింది.

"ఆయన ఉద్యోగం ఒకటి ఎలకలు తీసీసినాయి. రెండోది మీరు తీసీసినారు."

సూర్యారావు ఆ క్షణమే కొట్టు దిగి, గిరిబాబు ఇంటికెళ్లి చేతులు జోడించాడు.

గేదెల మాట కాక, ఈ కథలో ఇంక కల్పించిందల్లా చేతులు జోడించాడన్న ఆ ఒక్క వాక్యమే.