ఏడు మైళ్ళు

"నోర్మా! తలుపు తియ్యి! నోర్మా!"

మలిండా ఒక చేత్తో పిల్లను భుజాన పట్టుకుని, రెండో చేత్తో తలుపు బాదుతోంది. నాలుగేళ్ళ లీడియాన్ ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఆపిల్ తోటలో రాలిన కాయలు ఏరుతుంటే కందిరీగలు ముసిరి కుట్టేశాయి. పది నిమిషాలు కూడా కాలేదు, పిల్ల మొహమూ మెడా ఉబ్బిపోయాయి. మొగుడు మేలన్ గుర్రపు బగ్గీ కట్టుకుని పొద్దున్నే పొరుగూరికి మొక్కజొన్న కోతకు వెళ్ళాడు. ఆ చుట్టుపక్కల అన్నీ ఆమిష్ ఇళ్ళే, మతనియమం ప్రకారం కారూ కరెంటూ ముట్టనివాళ్ళు. కారున్న ఇల్లు ఇదొక్కటే.

తలుపు తెరుచుకుంది. నోర్మా గడప దాటి రాలేదు.

"లీడియాన్‌ని కందిరీగలు కుట్టాయి. ఊపిరాడటం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళు."

"నేను... నేను రాలేనే మలిండా."

మలిండా పిల్లను ఇంకా దగ్గరికి హత్తుకుంది. తొమ్మిదేళ్ళుగా తమ ఇంట్లో ఎవరికి ఏ అవసరమొచ్చినా కారు తీసేది ఈ ఇంగ్లీషు ఆవిడే. ఆమిష్ కానివాళ్ళందరూ తమకు ఇంగ్లీషువాళ్ళే. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. అలాంటిది మూడు వారాలుగా ఏదో ఒక వంక చెబుతోంది. మేలన్‌ని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే తలనొప్పంది. బట్టల కొట్టుకు రమ్మంటే చుట్టాలొస్తున్నారంది. చుట్టాలెవరూ రాలేదు. కరెంటు లేని ఇళ్ళు, గుర్రాల వాసన, గంటలకొద్దీ ప్రార్థనలు... మా బతుకుతో ఈవిడకు విసుగొచ్చేసిందని మలిండా అప్పుడే అనుకుంది.

"నామీద కోపముంటే తర్వాత తిట్టు. పిల్ల చచ్చిపోతుంది నోర్మా!"

నోర్మా చెయ్యి చాచి పిల్ల మొహం తడిమింది. ఉబ్బిన పెదవుల దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది. లోపలికెళ్ళి ఫోను అందుకుని అంబులెన్సును పిలిచింది.

"నలభై నిమిషాలా? పిల్లకి నాలుగు నిమిషాలు కూడా కష్టంగా ఉందయ్యా!"

ఫోను పెట్టేసి, గోడకు చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తాళాలు తీసుకుంది.

"ముందు సీట్లో కూర్చో. ఆసుపత్రి ఏడు మైళ్ళే. పిల్లని నిటారుగా పట్టుకో."

కారు ఒక్క కుదుపుతో రోడ్డెక్కింది. మలిండా ఒళ్ళోని పిల్లనే చూస్తూ తాము చర్చిలో చదివే జర్మన్‌లో ప్రార్థన మొదలుపెట్టింది. పిల్ల పెదవులు నీలంగా మారుతున్నాయి.

"పిల్ల వంక చూడకు!" నోర్మా గద్దించింది. "చూస్తే నువ్వే ముందు పడిపోతావు. రోడ్డు చూడు. ఏం కనబడితే అది నాకు చెబుతూ ఉండు. గట్టిగా చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏదైనా సరే. నోరు ఆపావంటే ఊరుకోను."

మలిండా మొదలుపెట్టింది. "పాలడబ్బాల బండి... ఎదురుగా వస్తోంది. మన పక్కకి కాదు, అటుపక్క నుంచి. వెళ్ళిపోయింది. యోడర్ల కొట్టం... మలుపు. ఎడమకి మలుపు నోర్మా!"

కారు గడ్డిలోకి దిగి, గులకరాళ్ళు చిమ్ముతూ మళ్ళీ రోడ్డెక్కింది. మలిండా కెవ్వుమంది.

"అరవకు, చెప్పు! మీ గుర్రమైతే ఈపాటికి ఆ గడ్డి దగ్గరే ఆగిపోయేది. ముందేముంది?"

"బగ్గీ. మన ముందే వెళ్తోంది. దగ్గరగా... ఇంకా దగ్గరగా..."

"ఎదురుగా ఎవరైనా వస్తున్నారా?"

"లేదు. లేదు, ఎవరూ లేరు!"

నోర్మా హారన్ మీద చెయ్యి వేసి తీయకుండా బగ్గీని దాటించింది. బగ్గీలోని ముసలాయన టోపీ పట్టుకుని తిట్టిన తిట్లు మలిండాకు స్పష్టంగా వినిపించాయి. చర్చిలో మగవాళ్ళ వరసలో అంత మెత్తగా పాడే పెద్దమనిషి ఆయన.

వంతెన వచ్చింది. ఒక్క బండి పట్టేంత వంతెన. మలిండా కమ్మీలు ఎంత దూరంలో ఉన్నాయో చెబుతూనే ఉంది. నోర్మా నుదుటి మీంచి చెమట కారి గడ్డం మీదికి జారుతోంది. తుడుచుకోవడానికి కూడా స్టీరింగ్ వదల్లేదు. లీడియాన్ ఈల ఆగిపోయింది.

"నోర్మా, చప్పుడు లేదు! దీనికి చప్పుడు లేదు!"

"వీపు మీద రుద్దు. రోడ్డు చెప్పు!"

"ఎర్ర దీపం! ఆగు!"

"బళ్ళున్నాయా?"

"లేవు!"

కారు ఆగలేదు.

ఆసుపత్రి మెట్ల పక్కనున్న పూలపాదులోకి ముందు చక్రాలు ఎక్కించి కారు నిలిచిపోయింది. తెల్లబట్టల వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మలిండా చేతుల్లోంచి పిల్లను లాక్కుని, తొడకు సూది పొడుస్తూనే లోపలికి తీసుకెళ్ళారు. తలుపులు మూసుకున్నాయి.

అరగంట గడిచింది. మలిండా ఆ అరగంటలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. నోర్మా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది.

నర్సు బయటికొచ్చింది. "ఊపిరి తీస్తోంది. అమ్మ కావాలని అరుస్తోంది. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం."

మలిండా నోర్మా ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఆమె చేతులు రెండూ పట్టుకుంది. మలిండా తలమీది తెల్లటి టోపీ జారి భుజం మీద పడింది.  భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి.

"నేను తప్పుగా అనుకున్నాను నోర్మా," అంది చివరికి. "మేమంటే నీకు విసుగొచ్చిందనుకున్నాను. మా గుమ్మం తొక్కడం మానేశావు. రోడ్డు మీద ఎదురుపడితే చెయ్యి ఊపినా పలకలేదు. ఎందుకో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

నోర్మా తన చేతులు విడిపించుకుని, మెల్లగా మలిండా చెంపలు వెతికి పట్టుకుంది.

"ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా పిల్లా? మూడు వారాలైంది, ఈ కళ్ళకి ఎవరి మొహమూ కనబడి."